జరగని పోటీలో అయిదో రౌండు

1. సోమవారం

డాక్టరమ్మ రాయమంది. ముసలివాళ్ళు రోజూ నాలుగు ముక్కలు చేత్తో రాస్తే వేళ్ళలో పట్టు పోదట. ఏం రాయాలమ్మా అన్నాను. ఏం జరిగితే అది రాయండి అంది. ఏమీ జరగదమ్మా అన్నాను. అదే రాయండి అంది.

రాస్తున్నాను. నా పేరు అసిరయ్య. భూమ్మీద మా ఊరి బడిలో అయిదో తరగతి దాకా చదివాను. ఇప్పుడుండేది ఆకాశంలో తిరిగే చక్రంలో. చేపలవాడ, నడిమి అంతస్తు, బచ్చలి పాదుల పక్క గది.

దీపాలు వెలిగాక పాదులకు తడి పెట్టాను. తీగలు బాగా సాగాయి. వాటిని కిందికి వంచి కట్టాలి. వదిలేస్తే బొడ్డువైపు పాకిపోతాయి. బొడ్డంటే చక్రం నడుమ. అక్కడ బరువుండదు. తీగ అక్కడికి పోతే ఆకు పల్చబడి ఉల్లిపొరలా అయిపోతుంది. మనిషీ అంతే.

తవుడు గంజి తెచ్చాడు. ఇతను మా వాడ బాక్సరు. హెవీ వెయిట్. చేపల తొట్లు కడిగే పని. నా గుమ్మంలోంచి రావాలంటే పక్కకి తిరిగి రావాలి. నాకేమీ చుట్టం కాడు. మోకాలు పట్టేసి నేను మంచం దిగలేని రోజుల్లో ఒకసారి గంజి తెచ్చాడు. మోకాలు తగ్గాక కూడా మానలేదు. వద్దని చెప్పడానికి నాకు మాట రాలేదు. అలా ఉండిపోయింది.

"ఆదివారం పోటీ తాతా. పట్టీలు నువ్వే కట్టాల," అన్నాడు.

"కొట్టుకోరు గదరా. పట్టీలెందుకు?"

"ఏటా ఇదే మాటంతావు. కట్టకపోతే పోటీలాగ ఉండదు తాతా."

నిజమే. ఏటా ఇదే మాటంటాను.

2. మంగళవారం

ఇవాళ నా అడుగు గంటలు. నిచ్చెన దిగాను.

చక్రం తిరుగుతూ ఉంటుంది కాబట్టి అంచున బరువు ఉంటుంది, నడుమకు పోయేకొద్దీ తేలిక. అంచునున్న అంతస్తుని అడుగు అంటాం. అక్కడ కాలు పెట్టగానే ఒళ్ళు ఒళ్ళులా ఉంటుంది. మోకాళ్ళు మూలుగుతాయి. చెంప జారుతుంది. చేతిలో చెంబు చెంబులా తెలుస్తుంది. నాకది ఇష్టం. మెట్టు దిగి నేలకి దండం పెట్టుకుంటాను. కుర్రవాళ్ళు నవ్వుతారు. నవ్వనీ.

అడుగు చిన్నది. అందరికీ చోటు లేదు. పగటి పూట మనిషికి ఇన్ని గంటలని పంచారు. రాత్రి పడుకునే గదులు మాత్రం కొన్నే ఉన్నాయి. అవి ఏడాదికి ఒక వాడవి. ఈ ఏడు మా చేపలవాడవి. పోటీ గెలిచినవాళ్ళకి వచ్చే ఏడు.

చక్రం కొత్తల్లో ఈ గదుల కోసం మా వాడవాళ్ళూ గనులవాడవాళ్ళూ నిజంగానే కొట్టుకున్నారు. పైన ఉండి ఉండి ఎముకలు పల్చబడ్డాయని అప్పటికి ఎవరికీ తెలియదు. ఒకే ఒక్క గుద్దుకి ఒకాయన పోయాడు. కొట్టినవాడు ఆయన తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఆనాటినుంచి దెబ్బ లేదు. వాడకొక బాక్సరు ఉంటాడు, సాధన చేస్తాడు, ఏటా కొలతల పండగ నాడు ఒంటి కొలతలు ఇస్తాడు. నిజంగా కొట్టుకుంటే ఎవరు గెలిచేవారో లెక్క యంత్రం చెబుతుంది. అందరూ ఒప్పుకుంటారు.

గనులవాడ బాక్సరు బైరాగి. చక్రం బయట రాళ్ళనుంచి మంచు కొట్టి తెచ్చే పని. ఇవాళ అతని పెళ్ళాం పాపని ఎత్తుకుని అడుగున కనిపించింది. పాప పేరు భూలోకం. మా దేశంలో భూలోకమ్మ అని అమ్మవారి పేరు పెట్టుకుంటారు. ఈ పిల్ల భూమిని కిటికీలోంచి తప్ప చూడలేదు. అక్కణ్ణుంచి చూస్తే ఉసిరికాయంత ఉంటుంది.

భూలోకం కాళ్ళు నిలవడం లేదు. తోటి పిల్లలు నడుస్తున్నారు. ఈమె కాళ్ళు లేత అరటి దవ్వలా ఒంగిపోతున్నాయి. పగటి గంటలు చాలవు, ఏడాది పాటు రాత్రంతా అడుగున పడుకోవాలి, లేకపోతే ఎముక ముదరదు అని డాక్టరమ్మ చెప్పింది. అంటే ఈసారి గనులవాడ గెలవాలి.

మా వాడలోనూ పిల్లలున్నారు. మా పెద్దావిడ పారమ్మ అప్పకి తుంటి విరిగి అతికింది, పైకి మారిస్తే మళ్ళీ విరుగుతుంది. అంటే మేమూ గెలవాలి.

భూలోకం నా వేలు పట్టుకుంది. పట్టు బాగానే ఉంది. కాళ్ళే.

3. బుధవారం

సాధనకని ఇద్దరి చేతులకీ పట్టీలు కట్టాను. రెండు వాడలకీ నేనే కడతాను. చక్రం మొత్తంలో నిజమైన బరిలో నిలబడి నిజంగా దెబ్బలు తిన్నవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను. తిన్నవే ఎక్కువ. అందుకని ఈ పని నాకు వదిలేశారు. సంతోషమే.

తవుడి చెయ్యి మామూలే. రోకలి.

తరువాత బైరాగి వచ్చాడు. ఎప్పుడూ గలగలా మాట్లాడేవాడు ఇవాళ చెయ్యి చాపి గోడ చూస్తూ కూర్చున్నాడు. మణికట్టు దగ్గర మొదలుపెట్టి చుట్టాను. నా గుడ్డ కొలత నాకు తెలుసు, ఏటా అదే గుడ్డ. ఈసారి కట్టు పూర్తయ్యాక ఇంకా కొస మిగిలింది. ఇంకో చుట్టు తిరిగింది. విప్పి మళ్ళీ కట్టాను. మళ్ళీ మిగిలింది.

అతని మొహం చూశాను.

"నీకు తెలిసిపోనాది గదా పెద్దయ్యా," అన్నాడు.

గుడ్డ కొస చేతిలో పట్టుకుని ఉన్నాను.

"కొలతల పండగ నాడు బాగానే ఉన్నాను. యంత్రానికి ఇచ్చినవి అయ్యే. ఆ తరవాత నా అడుగు గంటలన్నీ పాపకి రాయించీసినాను. నాను దిగి సాన్నాళ్ళయింది. మంచు కొట్టడం, పైకొచ్చి పడుకోడం. మొన్న మూట ఎత్తబోతే సెయ్యి వణికింది."

"నీ పెళ్ళానికి తెలుసా?"

"తెలిస్తే ఊరుకుంటాదేటి? అడుగుకే ఎల్తన్నానని సెప్తన్నాను." కట్టిన చెయ్యి చూసుకున్నాడు. "పాత కొలతల్తో లెక్క కడితే నాను గెలిచినా గెలుస్తాను పెద్దయ్యా. గెలిస్తే పాప నడుస్తాది. నువ్వు ఎవురికీ సెప్పకు."

కొస లోపలికి దోపాను. చెయ్యి తట్టి పంపించాను. మాట ఇవ్వలేదు. ఇవ్వనని కూడా అనలేదు. నా నోటితో వచ్చిన చిక్కే ఇది. ఊరుకుంటే జనం ఔనన్నానని అనుకుంటారు.

4. గురువారం

గాలి జల్లెడలు విప్పి దులిపాను. గుడ్డలు పిండి నీళ్ళు తొట్టిలో పోశాను. బచ్చలి కోసి గనులవాడకి ఒక కట్ట, మా వాడకి ఒక కట్ట పంపాను.

పనిలో పోలరాజు గుర్తొచ్చాడు.

విశాఖపట్నంలో రేవు కూలీగా ఉన్నప్పుడు మేస్త్రీ నా ఒళ్ళు చూసి బాక్సింగులో పెట్టాడు. మనిషి ఉన్నాడు గాని కోపం లేదు వీడికి అనేవాడు. హెవీ వెయిట్‌లో మనుషులు తక్కువ, అందుకని ఉంచాడు. పోలరాజు పూడిమడక చేపల పడవ మీద పనిచేసేవాడు. నాకంటే పొట్టి. వాడి కుడిచేతికి భయపడి పందెగాళ్ళు దానికి పేర్లు పెట్టేవారు.

ఆ పూట వాడొక్కటి కొట్టాడు. నేను పడలేదు. పడితే బాగుండేది. తాళ్ళ మీద వాలి నిలబడే ఉన్నాను, కళ్ళు తెరిచే ఉన్నాయి, నాకేమీ కనిపించడం లేదు. చేతులు కిందికి దిగిపోయాయి. అటువంటప్పుడు ఇంకొకటి పడితే మనిషి మిగలడు. అందరూ కొట్టు కొట్టు అని అరుస్తున్నారని తరువాత చెప్పారు. వాడు కొట్టలేదు. ముందుకొచ్చి రెండు చేతులతో నన్ను కావలించుకున్నాడు. గంట కొట్టేదాకా వదలలేదు. రిఫరీ విడదీస్తుంటే కూడా వదలలేదట.

చెవిలో ఏదో అన్నాడు. ఏమన్నాడో తెలియదు. చేపల వాసన మాత్రం గుర్తుంది.

ఆ తరువాతిదంతా వాడు ఇచ్చిందే. పెళ్ళాం, చక్రం మీద ఉద్యోగం, ఈ పాదులు, తవుడి గంజి. రోజూ పొద్దున్నే పోలరాజుకి ఒక దండం పెట్టుకుంటాను. ఎటువైపు పెట్టాలో తెలియక కిటికీలోని ఆ ఉసిరికాయ వైపు, భూమి వైపు పెడతాను.

5. శుక్రవారం

ఏమీ జరగలేదు. చెయ్యి నొప్పి.

6. శనివారం

లెక్క యంత్రం చూసుకునే హేమసుందరి పరుగున వచ్చింది. మంచి పిల్ల. ఆయాసం తీరేదాకా మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టాను.

"తాతగారూ, సమానం వచ్చింది," అంది.

"ఏటమ్మా సమానం?"

"పోటీ. మళ్ళీ మళ్ళీ కట్టించాను. సగం సార్లు తవుడు, సగం సార్లు బైరాగి. ఇన్నేళ్ళలో ఎప్పుడూ ఇలా రాలేదు. నేను చెప్పలేను, మనిషిని అడగండి అంటోంది యంత్రం."

"అడగండి మరి."

ఆమె నా మొహం చూసింది. అప్పుడు తెలిసింది. పాత ఒప్పందంలో ఉంది, యంత్రం చేతులెత్తేస్తే నిజమైన బరిలో నిలబడ్డ మనిషి పోటీని రౌండు రౌండుగా నోటితో చెప్పాలి. అతను చెప్పిందే ఫలితం. ఇంకెవరూ మార్చడానికి లేదు.

"నాకు మాటలు రావమ్మా," అన్నాను.

"తెలుసు తాతగారూ. కాని మీరొక్కరే ఉన్నారు."

కొత్త కొలతలు తీస్తే కుదరదా అని అడగబోయాను. తీస్తే బైరాగి సంగతి బయటపడుతుంది. నోరు మూసుకున్నాను.

ఆమె వెళ్ళిందో లేదో పారమ్మ అప్ప మనిషిని పంపింది. దిగి వెళ్ళాను. మా వాడకి ఆమె పెద్ద. మంచం మీదనుంచే వాడని నడిపిస్తుంది.

"ఒరే అసిరయ్యా. నీ పెళ్ళి నాడు కూడా నీ బదులు నానే మాటాడినాను. రేపు మాత్రం నువ్వే మాటాడాల. పెద్ద కతలేటీ వొద్దు. తవుడు గెలిచినాడు. రెండు మాటలు. అను ఓసారి."

"అప్పా..."

"అది ఒక్క మాటే. అదీ ఏరే మాట."

నవ్వొచ్చింది. ఆమెకీ వచ్చింది. తరువాత నవ్వలేదు. తుంటి మీద చెయ్యేసుకుని, "పైకి తోలీస్తే మళ్ళీ ఇరుగుద్దిరా. ఈసారి అతకదు," అంది.

ఆమె కూడా నాకు చాలా చేసింది. నా ఇంటిది పోయినప్పుడు పన్నెండు రోజులూ నా పక్కన కూర్చుని, నా బదులు ఏడ్చిన మనిషి.

బైరాగి రాలేదు. వస్తాడేమోనని గుమ్మం వైపు చూస్తూనే ఉన్నాను. వచ్చి బతిమాలితే ఎలాగో అనుకున్నాను. రాలేదు. ఆ రాకపోవడం ఇంకా బరువైంది.

తవుడు మామూలుగానే గంజి తెచ్చాడు. పోటీ మాట ఎత్తలేదు. ఉప్పు సరిపోయిందా అన్నాడు. అంతే.

7. ఆదివారం

పెద్దగా రాయాలి ఇవాళ. వేళ్ళు నొప్పి పుడితే ఆపి రాస్తాను.

అడుగున పెద్ద సావిడిలో తాళ్ళు కట్టి బరి చేశారు. ఒక మూల స్టూలు మీద తవుడు, ఎదురు మూల బైరాగి. ఇద్దరికీ నేను కట్టిన పట్టీలే. బైరాగి పట్టీ కొస బుధవారం కంటే ఇంకా మిగిలింది, లోపలికి దోపేశాను. నడుమ నాకొక స్టూలు వేశారు. రెండు వాడలూ చుట్టూ కూర్చున్నాయి. బైరాగి పెళ్ళాం ముందు వరసలో పాపని ఒళ్ళో పెట్టుకుని ఉంది. పారమ్మ అప్పని మంచంతో సహా మోసుకొచ్చారు. హేమ గంట దగ్గర నిలబడింది.

వెళ్ళి ఆ స్టూలు మీద కూర్చున్నాను. 

ఏం చెప్పాలో అప్పటికి తేల్చుకోలేదు. తవుడు అంటే పాప ఉంది. బైరాగి అంటే అప్ప ఉంది. ఏది అన్నా ఓడేది నాకు కావలసినవాళ్ళే. సరే, ముందు చూద్దాం అనుకున్నాను. కళ్ళు మూసుకుని ఇద్దరినీ బరిలో నిలబెట్టాను. ఇవాళ్టి తవుడు, ఇవాళ్టి బైరాగి. కనిపించింది చెప్పాను.

"ఒకటో రౌండు. ఇద్దరూ ఒకల్నొకలు సూసుకుంతారు. ఎవురికీ ఏటీ అవదు."

జనం ఆగారు. నేనూ ఆగాను.

"అంతేనేటి?" అని ఎవరో అడిగారు.

"అంతే."

నవ్వులు. హేమ గంట కొట్టింది.

"రెండో రౌండు. బైరాగి ఎడం సేత్తో జాబ్ ఏస్తాడు, పొడిసినట్టు సిన్న సిన్న గుద్దులు. బేగి ఏస్తాడు. తవుడు మొహమ్మీద పడతాయి. తవుడికి సేతులు బరువు, కాళ్ళు బరువు. తిరిగీసరికి బైరాగి ఆడ ఉండడు."

గనులవాడ వైపు చప్పట్లు. గంట.

"మూడు. సగం వరకూ బైరాగిదే." స్టూలు అంచు పట్టుకున్నాను.  "సివర్లో బైరాగి ఎడం సెయ్యి దిగిపోతాది."

 బైరాగి తల వంచుకున్నాడు.

"ఎందుకు దిగిపోతాది?" పారమ్మ అప్ప అడిగింది.

"దిగిపోతాది అప్పా."

అంతకంటే చెప్పలేదు. అతని సంగతి చెప్పడం నా పని కాదు. పోటీ చెప్పడమే నా పని. గంట.

"నాలుగు. తవుడు కడుపులో కొడతాడు. డొక్కలో కొడతాడు. బైరాగి జాబ్ ఏస్తన్నాడు గాని అది తగిలినా తగల్నట్టే. తవుడు దాన్ని సూసుకోడం కూడా మానీసినాడు."

మా వాడలో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. గంట.

"అయిదు. తవుడు కుడి సెయ్యి. బైరాగి తాళ్ళ మీద పడతాడు. కింద పడడు. తాళ్ళు ఆపుతాయి. గార్డు లేదు, సేతులు దిగిపోనాయి. కళ్ళు తెరిసే ఉన్నాయి, ఏటీ సూడవు. తవుడు ఎదర నిలబడినాడు. కుడి సెయ్యి ఎనక్కి లాగినాడు."

అక్కడ నాకు మాట అయిపోయింది. చెయ్యి వెనక్కి వెళ్ళడం కనిపిస్తోంది. అది ముందుకు రావడం కనిపించడం లేదు. ఎంతసేపు చూసినా పోలరాజే కనిపిస్తున్నాడు. నాది కాని చెయ్యి ఏం చేస్తుందో నేనెలా చెప్పను? ఆనాడు వాడిది కూడా ఎవరూ చెప్పలేకపోయారు.

"ఇక్కణ్ణుంచి నాకు తెలీదు," అన్నాను. "ఒరే తవుడూ. ఆ సెయ్యి నీది. నువ్వే సెప్పు."

ఎప్పుడూ అలా జరగలేదు. బాక్సరు మాట్లాడకూడదని ఒప్పందంలో లేదు, మాట్లాడవచ్చనీ లేదు. జనం గుసగుసలాడారు. హేమ గంట తాడు పట్టుకుని అలాగే నిలబడింది.

తవుడు తన పట్టీల చేతిని చూసుకున్నాడు. తరువాత ఎదురు మూల చూశాడు. బైరాగి భుజం ఎముక చొక్కాలోంచి పొడుచుకుని కనిపిస్తోంది. అందరూ రోజూ చూస్తున్న మనిషే. ఇప్పుడు చూశారు.

"కొట్టను తాతా," అన్నాడు.

"ఓరి ఎర్రోడా, గెలుపు సేతిలో ఉన్నాదిరా," అంది పారమ్మ అప్ప.

"ఉన్నాది మామ్మా. అది కొడితే ఆడు మరి లెగడు. సూస్తన్నావు గదా ఎలగున్నాడో."

"మరేటి సేస్తావు?"

"పట్టుకుంతాను. పడిపోకండా."

నాకు చూపు మసకబడింది. ముక్కు తుడుచుకున్నాను. "గంట వరకూ పట్టుకునే ఉంతాడు," అని హేమకి చెప్పాను. ఆమె ఆగి, ఆగి, గంట కొట్టింది.

"ఆరో రౌండు," అని మొదలుపెట్టాను.

"ఆరో రౌండు లేదు పెద్దయ్యా," అన్నాడు బైరాగి.

లేవలేదు. కూర్చునే అన్నాడు.

"నాను స్టూలు మీంచి లెగను. నాకు తెలుస్తన్నాది. నీకూ తెలుసు, బుధవారం నుంచీ తెలుసు. సెప్పకండా ఉన్నావు. సాలు." పట్టీ కొస బయటికి లాగి అందరికీ చూపించాడు. "యంత్రానికిచ్చిన కొలతలు పండగనాటివి. ఇప్పుడు నాను ఇంతే. నా అడుగు గంటలు మా పాపకి ఇచ్చీసినాను."

అతని పెళ్ళాం లేచి నిలబడింది.  అతని వైపు చూసిన చూపు తవుడి కుడిచెయ్యి కంటే గట్టిది.

హేమ చెప్పాల్సింది చెప్పింది. ఆరో రౌండుకి బైరాగి లేవలేదు. తవుడు గెలిచాడు. గదులు ఏడాదిపాటు చేపలవాడవి.

ఏటా ఈ మాటకి గెలిచినవాళ్ళు డప్పులు కొడతారు. ఇవాళ డప్పు పట్టుకున్నవాడు దాన్ని కాలిపక్కన పెట్టేశాడు. భూలోకం ఏడుస్తోంది. సావిడంతా అదొక్కటే చప్పుడు.

నేనే ఓడించాను ఆ పాపని అనుకున్నాను. 

అప్పుడు పారమ్మ అప్ప మంచం కోడు మీద చేత్తో కొట్టింది.

"గెలిచినాం గదా? గదులు మావే గదా? మరైతే మా గదుల్లో ఎవుర్ని పడుకోబెట్టుకోవాలో మా ఇట్టం. నా మంచం పక్కన జాగా ఉన్నాది. ఆ గుంటనీ తల్లినీ ఆడ పడుకోబెట్టండి. నాకెలాగూ నిద్దరట్టదు, సూసుకుంతాను. ఎవుడైనా అడ్డమాడితే సెప్పండి, ఆడితో ఆరో రౌండు నాను ఆడతాను."

ఎవరూ అడ్డమాడలేదు. ఆ తుంటితో ఆమె ఆడేలాగే ఉంది.

బైరాగి వైపు తిరిగింది. "నీ గంటలు నువ్వు ఎనక్కి తీసుకో. పగలు దిగి తిని తొంగో. పొగరుబోతా. ముందే వచ్చి అడిగితే ఇచ్చీవోళ్ళం గదా?"

"ఇచ్చీవోరా మామ్మా?" అన్నాడు బైరాగి. వెటకారం లేదు. నిజంగానే అడిగాడు.

ఆమె ఆలోచించింది. అబద్ధం ఆడే మనిషి కాదు.

"లేదు," అంది. "ఇచ్చీవోళ్ళం కాం. గెలిచినాక ఇయ్యడం సులువురా."

ముందు గనులవాడలో ఎవరో నవ్వారు. తరువాత మావాళ్ళు. తవుడు తన స్టూలు మీంచి లేచి, బరి దాటి ఎదురు మూలకి వెళ్ళాడు. బైరాగిని లేపబోయాడు. బైరాగి తూలాడు. తవుడు రెండు చేతులతో పట్టుకున్నాడు.

జరగని పోటీలో నేను చూడలేకపోయింది అప్పుడు చూశాను.

8. సోమవారం

తీగలు వంచి కట్టాను. తవుడు గంజి తెచ్చాడు. వెనకే బైరాగి వచ్చాడు, మంచు ముక్క ఒకటి గుడ్డలో చుట్టి తెచ్చాడు, నా మోకాళ్ళకి. గుమ్మంలో ఇద్దరూ ఒకేసారి పట్టలేదు. నువ్వెళ్ళు అంటే నువ్వెళ్ళు అని అక్కడే నిలబడ్డారు.

గంజి చల్లారింది. బాగుంది.

9. చాలా నెలల తరువాత, ఏదో వారం

డాక్టరమ్మ వేళ్ళు చూసి ఇక రాయకపోయినా ఫరవాలేదంది. మానేశాను. ఇవాళ ఒక్కరోజుకి మళ్ళీ కలం పట్టాను.

పొద్దున్న అడుగుకి దిగాను. పారమ్మ అప్ప మంచం మీద కూర్చుని ఉంది. బైరాగి నేల మీద పడుకుని గురక పెడుతున్నాడు. ఒళ్ళు మళ్ళీ వచ్చింది. కొలతల పండగ నాడే కాక, పోటీ దగ్గరపడ్డాక బాక్సర్లని ఇంకోసారి కొలవాలని ఈమధ్య కొత్తగా ఒప్పందంలో రాసుకున్నారు. తవుడు బైరాగి పక్కన కూర్చుని భూలోకానికి గుప్పిళ్ళు ఎలా బిగించాలో నేర్పుతున్నాడు.

"బొటనవేలు బయట పెట్టాల. లోపల పెడితే ఇరుగుద్ది. అద్గదీ. తాత కాడికెల్లి సూపించు."

భూలోకం మంచం కోడు పట్టుకుని లేచింది. కోడు వదిలింది. నేను నేలమీద కూర్చుని చేతులు చాపాను. ఒక అడుగు. ఆగింది. ఇంకొకటి. కాళ్ళు ఒంగలేదు. నడుము ఊగింది, కాళ్ళు మాత్రం ఒంగలేదు. నా దాకా వచ్చింది. వచ్చి, నేర్పింది మరిచిపోకుండా, గుప్పిడి బిగించి నా ముక్కు మీద ఒక్కటిచ్చింది.

అదిరింది. కళ్ళంట నీళ్ళు తిరిగాయి. అడుగు బరువంతా ఉంది ఆ పిడికిట్లో. వెనక్కి వాలిపోయాను.

బైరాగి ఉలిక్కిపడి లేచాడు. తవుడు నోరు తెరిచి చూస్తున్నాడు. చక్రం కొత్తల్లో ఆ ఒకాయన పోయిన తరువాత ఇక్కడ మనిషి మీద పడ్డ మొదటి దెబ్బ ఇదే అయి ఉండాలి.

"ఏరా అసిరయ్యా, ఎవురు గెలిచినారు?" పారమ్మ అప్ప అడిగింది.

"నాను పడిపోనాను అప్పా," అన్నాను.

లేవడానికి తొందరపడలేదు. ముక్కు ఇంకా జుమ్మంటోంది. భూలోకం నా గుండె మీద ఎక్కి కూర్చుంది. బాగా బరువుంది. పడుకునే, ఉసిరికాయ వైపు ఒక దండం పెట్టాను.